వానపాముకు జబ్బు చేయదా? ఖండిత జీవుల రోగనిరోధకత ఎలా పనిచేస్తుంది

పేడలో పుట్టి, పేడలోనే తిరిగి, కుళ్ళిన ఆకూ అలమూ తిని బతికే వానపాముకు జబ్బు చేయదా? గుంటూరు చుట్టుపక్కల వర్మీకంపోస్టు తొట్లున్న ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. వానపాముకు రోగం అంటదు, అది తిరిగిన చోట క్రిమి బతకదు అంటారు. ఎరువు అమ్మేవారి కరపత్రాల్లోనూ దాదాపు ఇదే మాట. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం కరపత్రం చూపించిన చోట లేదు. సూక్ష్మజీవులను ఒంట్లోకి రానీయకుండా అడ్డుకోవడం వానపాము వల్ల కాదు, అది ఆ ప్రయత్నమూ చేయదు. అవి రోజూ లోపలికి వస్తూనే ఉంటాయి. వచ్చినవాటిని గుర్తుపట్టడం, వాటి సంఖ్య మించిపోకుండా చూసుకోవడం, పోగైన చెత్తను ఒక మూలకు చేర్చి వదిలించుకోవడం, దాని నేర్పంతా ఇందులో ఉంది.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి ఫెరిటిమా అనే వానపాము గుర్తుండే ఉంటుంది. దాని వీపు మీద, ఖండితాల (ఒంటిని విడదీసే ఉంగరాల్లాంటి భాగాల) మధ్య గాడుల్లో, సన్నని పృష్ఠ రంధ్రాలు ఉంటాయి. 12, 13 ఖండితాల మధ్య గాడితో మొదలై, చిట్టచివరి గాడిని వదిలేస్తే, ప్రతి గాడికీ ఒకటి. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వచ్చి పోయే ఈ వివరంలోనే అసలు కథ ఉంది. ఈ రంధ్రాలు నేరుగా శరీరకుహరంలోకి, అంటే ఒంటి గోడకూ పేగుకూ మధ్య ద్రవం నిండిన ఖాళీలోకి, తెరుచుకుంటాయి. చర్మం ఎండిపోకుండా లోపలి ద్రవాన్ని బయటికి వదలడానికి వానపాము వాటిని వాడుకుంటుంది. చర్మం తడిగా లేకపోతే దానికి ఊపిరి ఆడదు. అయితే ద్రవం బయటికి వచ్చే దారిలో బాక్టీరియా లోపలికి పోవడానికి అడ్డేముంది? చాలా జాతుల్లో విసర్జక నాళాలైన నెఫ్రీడియాలు కూడా ఒక కొస శరీరకుహరంలోకి, మరో కొస బయటికి తెరుచుకుంటాయి. ఇన్ని దారులున్న ఒంట్లో బాక్టీరియా, శిలీంధ్రాలు, ఏకకణ జీవులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న వానపాము శరీరకుహర ద్రవంలోనే మిల్లీలీటరుకు లక్షల్లో బాక్టీరియా ఉంటుంది. మనిషి రక్తంలో ఆ సంఖ్య కనిపిస్తే ఐసీయూలో చేర్చాల్సిందే. వానపాముకు అది మామూలు రోజు.

మామూలుగా ఉండగలగడానికి కారణం ఆ ద్రవంలోనే తిరిగే కణాలు. వాటిని సీలోమోసైట్లు అంటారు. కంపోస్టు తొట్లలో ఎక్కువగా పెంచే ఐసీనియా ఫెటిడాలో బాక్టీరియాను మింగగలిగే కణాల సంఖ్య, అక్కడున్న బాక్టీరియా సంఖ్యకు సుమారు పదింతలు ఉంటుందని పరిశోధకులు లెక్కగట్టారు. పాఠ్యపుస్తకాలు ఈ కణాలను నాలుగు పేర్లతో వర్గీకరించి, భక్షక కణాలు బాక్టీరియాను తింటాయని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. తినాలంటే ముందు గుర్తుపట్టాలి. ఏది తినదగినది, ఏది తన సొంత కణం, ఏది ఊరికే కొట్టుకొచ్చిన మట్టి రేణువు? కష్టమైన పని అక్కడే ఉంది.

చర్మం, జిగురు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. పైన కొల్లాజెన్‌తో అల్లిన పలచని క్యుటికిల్ ఉంటుంది, దాని మీద గ్రంథులు స్రవించే జిగురు. ఆ జిగురులో బాక్టీరియా గోడను కోసే లైసోజైమ్ లాంటి పదార్థాలున్నాయి. జిగురు ఎప్పటికప్పుడు ఊడిపోతూ, అతుక్కున్న సూక్ష్మజీవులను తనతో పాటు తీసుకుపోతుంది. మొదటి వడపోత ఇది. అయితే గాయమైనా, రంధ్రం తెరుచుకున్నా పని మళ్లీ లోపలి కణాల మీదే పడుతుంది.

వానపాముకు గాని, జలగకు గాని, సముద్రపు ఒండ్రులో బతికే పాలీకీట్ పురుగులకు గాని యాంటీబాడీలు లేవు. ఒక్కో వ్యాధికారకానికి ఒక్కో ప్రత్యేక అస్త్రం తయారుచేసే లింఫోసైట్లు లేవు. ఈ మూడూ ఖండిత జీవుల అనెలిడా వర్గంలోవే. పుట్టుకతో జన్యువుల్లో రాసి ఉన్న సహజ రోగనిరోధకతే వాటికి దిక్కు. ఈ పద్ధతి ఒక్కో శత్రువును విడివిడిగా గుర్తుపట్టదు, శత్రు జాతి మొత్తానికి ఉమ్మడిగా ఉండే లక్షణాన్ని పట్టుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి చేయి పెట్టి చూసే వ్యాపారికి ఆ కాయ ఏ ఊరిదో, ఏ రైతుదో తెలియనక్కర లేదు. తెల్లబారిన రంగు చూసి తాలు అని పక్కన పెట్టేస్తాడు. బాక్టీరియాను గోడ నిర్మాణాన్ని బట్టి గ్రామ్ నెగెటివ్, గ్రామ్ పాజిటివ్ అని రెండుగా విడదీస్తారు. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్, గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా గోడలో దట్టంగా ఉండే పెప్టిడోగ్లైకాన్, శిలీంధ్రాల గోడలోని బీటా గ్లూకాన్ అలాంటి గుర్తులు. జంతువుల కణాలు వీటిని తయారుచేసుకోవు. సూక్ష్మజీవులు వీటిని వదులుకుని బతకలేవు. కాబట్టి ఈ గుర్తును నమ్ముకుంటే మోసపోయే అవకాశం తక్కువ.

వానపాములో ఈ గుర్తుపట్టే పనికి బాగా పరిశీలించిన ఉదాహరణ సీలోమిక్ సైటోలిటిక్ ఫ్యాక్టర్, పొట్టిగా సీసీఎఫ్ అనే ప్రోటీను. బరువు సుమారు 42 కిలోడాల్టన్లు. 1990లలో ప్రాగ్, బ్రస్సెల్స్ నగరాల పరిశోధకులు ఐసీనియా శరీరకుహర ద్రవం నుంచి దీన్ని వేరుచేశారు. ఇది లైపోపాలీశాకరైడ్‌కు అతుక్కుంటుంది, బీటా గ్లూకాన్‌కూ అతుక్కుంటుంది, పెప్టిడోగ్లైకాన్ ముక్కలనూ పట్టుకుంటుంది. అతుక్కోగానే ద్రవంలోని ఎంజైములు ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. ఆ వరుస చివర నిద్రాణంగా ఉన్న ప్రోఫినాలాక్సిడేజ్ చురుకైన ఫినాలాక్సిడేజ్‌గా మారుతుంది. అది ఫినాల్ పదార్థాలను క్వినోన్లుగా, ఆపైన నల్లని మెలనిన్‌గా మారుస్తుంది. క్వినోన్లు సూక్ష్మజీవులకు విషం. మెలనిన్ వాటి చుట్టూ పొరలా గట్టిపడుతుంది. కోసిన వంకాయ నల్లబడటం వెనకున్నది కూడా ఇదే తరహా రసాయన చర్య. ఆ విషం సొంత కణాలకూ విషమే కాబట్టి, అంతా పని పడేదాకా నిద్రాణంగా ఉండాలి, పని కాగానే ఆగిపోవాలి. గుర్తుపట్టే ప్రోటీను అంత ఖచ్చితంగా ఉండాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది.

సీసీఎఫ్‌కు మరో విశేషం ఉంది. క్షీరదాల్లో వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీనుతో దీనికి పనిలో పోలిక ఉంది. రెండూ ఒకే తరహా చక్కెర అణువులను పట్టుకుంటాయి, ట్రిపనోసోమ్ పరాన్నజీవులను చంపగలవు. అమైనో ఆమ్లాల వరుస చూస్తే మాత్రం రెండింటికీ చుట్టరికం లేదు. ఒకే అవసరం రెండు వేర్వేరు వంశాలను ఒకే పరిష్కారానికి చేర్చిందన్నమాట. 'వానపాములో మనిషి ప్రోటీను' అని శీర్షికలు పెట్టేవారు ఈ తేడాను గమనించాలి.

2006లో వెలువడిన ఒక పోలిక ఇంతకంటే ఆసక్తికరమైనది. ఐసీనియా చెందిన లంబ్రిసిడ్ కుటుంబంలోని వేర్వేరు వానపాముల్లో సీసీఎఫ్ లాంటి ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి చూస్తే, పేడ గుట్టల్లో కాపురముండే ఐసీనియా ఫెటిడా ప్రోటీను గుర్తించే చక్కెరల పరిధి మిగతావాటి కంటే విస్తృతంగా కనిపించింది. ఒక గ్రాము పేడలో వందల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. అక్కడ బతకాలంటే చూపు విశాలంగా ఉండక తప్పదు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. మన తొట్లలో ఐసీనియాతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే, మన ప్రాంతపు పెరియానిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా ఉంటాయి. చాలాచోట్ల అన్నీ కలిసే ఉంటాయి. ప్రయోగశాల ఫలితాల్లో అత్యధికం ఐసీనియా మీద వచ్చినవి. వాటిని పొలం గట్టున తవ్వితే కనిపించే ప్రతి వానపాముకూ అంటగట్టడం తొందరపాటు.

సీసీఎఫ్ ద్రవంలో తేలే ప్రోటీను. కణాల పైపొర మీద స్థిరంగా ఉండే గ్రాహకాల్లో టోల్ తరహా గ్రాహకాలు ముఖ్యమైనవి. ఈగలో టోల్ జన్యువు రోగనిరోధక పాత్రను వెలికితీసినందుకే జూల్స్ హాఫ్‌మన్‌కు 2011 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. వానపాములో ఈ గ్రాహకాన్ని 2013లో ఫెటిడాకు దగ్గరి బంధువైన ఐసీనియా ఆండ్రేయిలో వర్ణించారు. మామూలు రోజుల్లో అది పేగులోనే ఎక్కువగా తయారవుతోంది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా సోకాక సీలోమోసైట్లలో పెరుగుతోంది. రోజంతా మట్టి మింగే జీవికి కాపలా ఎక్కువగా పేగు దగ్గర ఉండటం సహజమే. జన్యువుల సంఖ్య లెక్కపెడితే మాత్రం లెక్క ఎటో పోతుంది. మనిషికి టోల్ తరహా గ్రాహకాలు 10, డ్రోసోఫిలా ఈగకు 9, హెలోబ్‌డెల్లా రొబస్టా అనే జలగకు 16, సముద్రపు ఒండ్రులో ఉండే కాపిటెల్లా అనే చిన్న పురుగుకు 105. ఆ నూటయిదింటిలో ఎక్కువ భాగం ఆ వంశంలో ఈమధ్య కాలంలో (పరిణామ కాలమానంలో ఈమధ్య అన్నమాట) నకళ్లు పడి పెరిగినవి. కుళ్ళు, గంధకపు వాసన నిండిన బురదలో కాపిటెల్లా నివాసం. జలగా అదే వర్గానికి చెందినదైనా జన్యువులు అలా పెరగలేదు. అనెలిడా వర్గానికంతటికీ ఒకే రోగనిరోధక వ్యవస్థ ఉందనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి.

గుర్తుపట్టాక కొట్టడం. దీన్ని దగ్గరగా చూడాలంటే తొట్టిలోంచి ఒక ఐసీనియాను పట్టుకుని వేళ్ల మధ్య కాస్త గట్టిగా నొక్కితే చాలు. వీపు మీద గాడుల వెంట పసుపుపచ్చని ద్రవం చెమట పట్టినట్టు ఊరుతుంది. వెంటనే ముక్కుకు తగిలే వెగటు వాసన వస్తుంది. అది మలం కాదు, మూత్రమూ కాదు. పృష్ఠ రంధ్రాల గుండా బయటికి చిమ్మిన శరీరకుహర ద్రవం, అందులో ఈదుతున్న లక్షల కణాలతో సహా. పసుపు రంగుకు కారణం ఎలియోసైట్లు అనే కణాల్లోని రేణువులు. వాటిలో రైబోఫ్లేవిన్ నిల్వ ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో ఈ ద్రవం పచ్చపచ్చగా మెరుస్తుంది. పరిశోధకులు ఈ కణాలను సేకరించే పద్ధతి కూడా ఇలాంటి చికాకు పెట్టడమే. పురుగును తడి పళ్లెంలో ఉంచి నాలుగున్నర వోల్టుల కరెంటు ఒక్క నిమిషం పంపిస్తే, అది చావకుండానే కణాలను వదిలేస్తుంది. వదిలిన కణాలను అది మళ్లీ తయారుచేసుకుంటుంది.

ఆ ద్రవంలో లైసోజైమ్ ఉంటుంది. బాక్టీరియాను ఒకదానికొకటి అంటించి ముద్ద చేసే ప్రోటీన్లు ఉంటాయి. ఫెటిడిన్, లైసెనిన్ అనే రంధ్రాలు పొడిచే ప్రోటీన్లూ ఉంటాయి. లైసెనిన్‌ను 1997లో జపాన్ పరిశోధకులు వర్ణించారు. ఇది స్ఫింగోమైలిన్ అనే కొవ్వు పదార్థం ఉన్న పొర కనబడితే చాలు, తొమ్మిది అణువులు వలయంగా చేరి పొరలో సన్నని గొట్టం దించుతాయి. కణంలోని సరుకు ఆ గొట్టంలోంచి కారిపోతుంది. స్ఫింగోమైలిన్ వెన్నెముక ఉన్న జంతువుల కణాల్లో పుష్కలంగా ఉంటుంది, బాక్టీరియాలో సాధారణంగా ఉండదు. అందుకే ఎర్ర రక్తకణాలు దీని దెబ్బకు ఇట్టే పగిలిపోతాయి. దీన్నొక బాక్టీరియా సంహారిణిగా మాత్రమే చెప్పే వ్యాసాలు సగమే చెబుతున్నట్టు. దీని దగ్గరి బంధువు ఫెటిడిన్ మాత్రం బాసిల్లస్ మెగటీరియం వంటి నేల బాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటుందని ప్రయోగాలు చూపాయి.

పెప్టైడ్లు, అంటే పొట్టి ప్రోటీను గొలుసుల సంగతి వేరే. 1998లో కొరియా పరిశోధకులు లంబ్రికస్ రుబెల్లస్ నుంచి 62 అమైనో ఆమ్లాల లంబ్రిసిన్‌ను వేరుచేశారు. ఇది ఇన్ఫెక్షన్ వస్తే పెరిగే రకం కాదు, పెద్ద పురుగులో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. నిరంతరం బాక్టీరియా వచ్చిపడే ఒంటికి ఇదే సరైన ఏర్పాటు. 2004లో థెరోమైజాన్ అనే జలగలో కనుగొన్న థెరోమాసిన్ అలా కాదు. బాక్టీరియాను ఎక్కిస్తే దాని ఉత్పత్తి పెరిగి, కొవ్వు నిల్వ చేసే పెద్ద కణాల నుంచి శరీరకుహర ద్రవంలోకి వస్తుంది.

మింగలేనంత పెద్దది వస్తే ఏమవుతుంది? మోనోసిస్టిస్ వంటి పరాన్నజీవి తిత్తి, నులిపురుగు పిల్ల, ముద్దగా చేరిన బాక్టీరియా, విరిగి లోపల పడిన సొంత శూకాలు (చర్మం మీది ముళ్లలాంటి వెంట్రుకలు). వీటి చుట్టూ అమీబా లాంటి కణాలు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. లోపలి పొరలు చచ్చి మెలనిన్‌తో ముదురు రంగు తేలతాయి, పైన కొత్తవి చేరతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేసరికి పైపొర కణాలు చదునుగా మారి జిగట కోల్పోతాయి, ఇక కొత్తవి అతుక్కోవు. వీటి పేరు గోధుమ పిండాలు. ఇవి క్రమంగా వెనక్కి జరిగి తోక వైపు ఖండితాల్లో పోగుపడతాయి. ముదిరిన వానపామును భూతద్దం కింద వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే తోక కొసల్లో గోధుమరంగు మచ్చల్లా కనిపించేవి ఇవే. పోగు ఎక్కువైతే ఆ తోక ముక్కనే తెంపి వదిలేస్తుంది. పోయిన కొసను మళ్లీ పెంచుకోగలదు కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు.

దీన్ని 1925లో డేవిడ్ కైలిన్ వర్ణించాడు. కణాల శ్వాసక్రియలో కీలకమైన సైటోక్రోమ్ మీద పేరుమోసిన పత్రం ఆయన ప్రచురించింది కూడా అదే సంవత్సరం. కైలిన్ చూపు పడిన చోటు విచిత్రమైనది. తోక తెగిపోవడం వానపాముకు శుభ్రపరచుకునే మార్గం అయినట్టే, లోపల చిక్కుకున్న పరాన్నజీవికి అది నేలలోకి విడుదలయ్యే మార్గం కూడా అని ఆయన వాదించాడు. వానపాము చెత్త పారేసిందనుకుంటుంది, పరాన్నజీవికి ప్రయాణం కుదిరింది. రోగనిరోధకతను ఎప్పుడూ గెలుపోటముల లెక్కలో చెప్పేవారికి ఇది మింగుడుపడని ఉదాహరణ.

లోపలికి వచ్చిన ప్రతిదాన్నీ తరిమేయడం కూడా దాని పద్ధతి కాదు. లంబ్రిసిడ్ వానపాముల నెఫ్రీడియాల్లో వర్మినెఫ్రోబాక్టర్ అనే బాక్టీరియా స్థిరనివాసం ఏర్పరచుకుంది. తల్లి తన గుడ్లు పెట్టే కోకూన్‌లోకే దాన్ని వదులుతుంది. పిల్ల ఎదుగుతుండగానే అది నెఫ్రీడియాల్లోకి చేరిపోతుంది. అన్ని బాక్టీరియాకూ ఒకే ముద్ర చూసే వ్యవస్థ వీటిని ఎలా వదిలేస్తోంది? కొంతవరకు జవాబు చోటులో ఉంది. నెఫ్రీడియా గొట్టంలో ఉన్నంతకాలం అవి భక్షక కణాలు తిరిగే ద్రవంలో లేనట్టే.

జ్ఞాపకం విషయంలో వివాదం పాతది. 1960లలో అమెరికాలో ఎడ్విన్ కూపర్, ఫ్రాన్స్‌లో పియెర్ వాలెంబోయిస్ తదితరులు వానపాముల చర్మపు ముక్కలను మార్చి అతికించి చూశారు. సొంత చర్మం ముక్క అతుక్కుపోయింది. వేరే జాతి ముక్క కొన్నాళ్లకు కమిలి ఊడిపోయింది. ఆ వేరే జాతి ముక్కనే రెండోసారి అతికిస్తే త్వరగా తిరస్కరించిన సందర్భాలూ ఉన్నాయి. యాంటీబాడీలు లేని జీవి 'నాది', 'నాది కాదు' అని తేల్చగలగడం అప్పట్లో పెద్ద వార్త. కానీ దీన్ని టీకా తరహా జ్ఞాపకంతో సమానం చేయడం అతి. ఒకసారి రెచ్చిన కణాలు కొంతకాలం చురుగ్గా ఉంటే ఇలాంటి ఫలితమే వస్తుంది. దానికి ప్రత్యేకమైన గుర్తింపు అవసరం లేదు.

జలగ దగ్గరికి వస్తే సమస్య స్వరూపమే మారుతుంది. కృష్ణా కాలువల్లో గేదెలను కడిగేవారికి, తెనాలి వైపు నాట్లు వేసేవారికి జలగను పరిచయం చేయనక్కర లేదు. అది మట్టిని మింగదు, ఒక్కసారి కడుపు నిండా రక్తం తాగి నెలల తరబడి దాచుకుంటుంది. పోషకాలు నిండిన వెచ్చని రక్తం బాక్టీరియాకు విందు భోజనం. అయినా వైద్యంలో వాడే జలగ కడుపులో ప్రధానంగా రెండు రకాల బాక్టీరియానే కనిపిస్తాయి. ఒకటి ఏరోమోనాస్, రెండోది మ్యూసినివోరాన్స్. మిగతావాటిని ఆపే ఏర్పాట్లలో ఒకటి జలగ సొంతం కాదు, అరువు తెచ్చుకున్నది. తాగిన రక్తంలో ఆ జంతువు కాంప్లిమెంట్ ప్రోటీన్లు (బాక్టీరియాను చంపే రక్త ప్రోటీన్లు) కొంతసేపు పనిచేస్తూనే ఉంటాయి. వాటికి లొంగే బాక్టీరియా అక్కడే చస్తుంది. దానికి తోడు జలగ సొంత భక్షక కణాలూ ఉన్నాయి. ఏరోమోనాస్ తన సూది లాంటి స్రావ వ్యవస్థతో వాటి నుంచి తప్పించుకుంటుంది. ఆ వ్యవస్థను తొలగించిన బాక్టీరియా రకాన్ని జలగ కణాలు మింగేశాయని ప్రయోగాల్లో తేలింది.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కాదు. తెగిన వేలును తిరిగి అతికించాక రక్తం గడ్డకట్టకుండా జలగలను పెట్టడం ప్లాస్టిక్ సర్జరీలో గుర్తింపు ఉన్న పద్ధతి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో జలగను వైద్య పరికరంగా అనుమతించింది. జలగకు మిత్రుడైన ఏరోమోనాస్ మనిషి గాయంలో చేరితే తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెస్తుంది. అందుకే జలగ చికిత్సతో పాటు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఆయుర్వేద క్లినిక్‌లలో జలౌకావచరణం చేయించుకునేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే. చికిత్సకు తెచ్చిన జలగ ఎక్కడిది, ఒకరికి వాడినది మరొకరికి వాడుతున్నారా, ఇన్ఫెక్షన్‌కు ఏం జాగ్రత్త తీసుకుంటున్నారు?

జలగ నరాల్లో జరిగేది మరీ విశేషం. దాని నరాల తాడును కత్తిరిస్తే అది తిరిగి అతుక్కుంటుంది, మనిషి వెన్నుపాముకు అది చేతకాదు. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు వైద్య జలగ నరాల తాడును విడదీసి, కొన్నింటికి సూక్ష్మజీవులను తగిలించి చూశారు. సూక్ష్మజీవులు తగిలిన తాడులో నాడీకణాలు, నరాల కణజాలానికి కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు సూక్ష్మజీవ నాశక పెప్టైడ్లను తయారుచేశాయి. మరమ్మతు మందగించలేదు సరికదా, వేగం పుంజుకుంది. ఒకే అణువు ఒకపక్క బాక్టీరియాను చంపుతూ మరోపక్క నరం అతుకుకు సాయపడుతోంది. నాడీ వ్యవస్థ వేరు, రోగనిరోధక వ్యవస్థ వేరు అని గీసే గీత ఇక్కడ చెరిగిపోయింది.

మళ్లీ పొలానికి. సహజ రోగనిరోధకతకు పూర్తిగా కణాల మీద ఆధారపడిన జీవికి ఆ కణాలు దెబ్బతింటే వేరే రక్షణ లేదు. మిర్చిలో బాక్టీరియా ఆకుమచ్చ తెగులుకు, కొమ్మ ఎండు, కాయకుళ్ళు తెగుళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి కొట్టడం మామూలే. ఆకు మీద పడని మందంతా నేలకు చేరుతుంది. పురుగుమందుల్లో చాలావాటికి ఉన్నట్టు రాగికి విచ్ఛిన్నమయ్యే గుణం లేదు, ఏటికేడు పేరుకుంటుంది. రాగి వానపాము సీలోమోసైట్లను ఏం చేస్తుందో చూడటానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. కణాలకు న్యూట్రల్ రెడ్ అనే రంగు తాపుతారు. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ రంగును లైసోజోమ్ సంచుల్లో దాచుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రని చుక్కలు స్పష్టంగా ఉంటాయి. దెబ్బతిన్న కణంలో సంచుల గోడ నిలవదు, రంగు త్వరగానే కారి కణమంతా గులాబీ రంగు అలుముకుంటుంది. ఎన్ని నిమిషాలు రంగు నిలిచిందన్నదే కొలత. రాగి తగిలిన వానపాముల్లో ఈ సమయం పడిపోతుందని 1990ల నుంచే పదేపదే రుజువైంది. లైసోజోములే మింగిన బాక్టీరియాను జీర్ణం చేసేవి. అవి కారిపోతే మింగినా ఫలితం లేదు. పురుగు చావలేదు కదా అని నేల బాగుందనుకోవడానికి వీల్లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రస్థానం, ప్రాంతీయ పరిశోధన స్థానం రెండూ లాం గ్రామంలోనే ఉన్న గుంటూరు జిల్లాలో, నేల పరీక్ష అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలతో ఆగిపోకుండా ఇలాంటి పరీక్ష ఒకటి చేరితే రైతుకు ఉపయోగం.

ఇక కరపత్రం మాట. వర్మీకంపోస్టులో కోలిఫారం బాక్టీరియా, సాల్మొనెల్లా తగ్గడం నిజమే. దానికి వానపాము రోగనిరోధకత ఒక్కటే కారణం కాదు. పేగులోని ఎంజైములు, అక్కడి ఇతర సూక్ష్మజీవులతో పోటీ, ఎరువు గుల్లబారి గాలి ఆడటం, జిగురు, శరీరకుహర ద్రవం, అన్నీ కలిసి చేసే పని అది. మామూలు కంపోస్టు గుట్ట 55 డిగ్రీల దాకా వేడెక్కి మూడు రోజులు నిలిస్తే వ్యాధికారకాలు చాలావరకు చస్తాయి. వానపాము తొట్టికి ఆ వేడి రానివ్వకూడదు, 35 డిగ్రీలు దాటితే ఐసీనియాకే గండం. పచ్చి పేడను నేరుగా తొట్టిలో వేయకుండా ముందు కొన్నాళ్లు మగ్గనివ్వమని చెప్పడంలో వానపాము ప్రాణంతో పాటు ఈ శుభ్రత కూడా ఇమిడి ఉంది. వర్మీవాష్‌కు సర్వరోగ నివారిణి పేరు తగిలించడం అంతకంటే దూరం పోయిన మాట. తొట్టి అడుగున పట్టిన ఆ ద్రవంలో వానపాము స్రావాలు ఉండటం నిజమే అయినా, ఎరువులోంచి కడిగిన లవణాలు, బాక్టీరియా తయారుచేసిన పదార్థాలు అంతకంటే ఎక్కువ. మొక్క మీద ఫలితం కనిపించినప్పుడు ఘనత ఎవరిదో తేల్చడం అంత తేలిక కాదు.

చివరగా సముద్రం. 2022లో జిల్లాలను విడదీశాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది, సూర్యలంక, నిజాంపట్నం బాపట్ల జిల్లాలో చేరాయి. ఆ తీరపు ఇసుక, ఒండ్రులో పాలీకీట్ పురుగులున్నాయి. ఉత్తర సముద్రాల ఇసుకలో ఉండే అరెనికోలా అనే వాటి బంధువు నుంచి 2004లో తీసిన అరెనిసిన్, కేవలం 21 అమైనో ఆమ్లాల పెప్టైడ్. మందులకు లొంగని గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా మీద దాని రూపాంతరాలను పరీక్షిస్తున్నారు. ఇక్కడి రొయ్య పిల్లల హేచరీలకు మాత్రం పాలీకీట్ అంటే తల్లి రొయ్యలు త్వరగా గుడ్లకు రావడానికి పెట్టే మేత. 2005లో భారతీయ పరిశోధకులు ఈ పురుగులు తెల్లమచ్చ వైరస్‌ను మోసుకొస్తాయని, వాటిని తిన్న రొయ్యలకు అది సోకుతుందని చూపారు. రొయ్య కణాల్లో పెరిగే వైరస్ అది. పురుగుకు దానితో జబ్బు లేదు, చూడటానికి నిగనిగలాడుతూ ఉంటుంది. తన ప్రాణం కాచుకోవడానికి ఏర్పడిన రక్షణ, తన పేగులో ఒండ్రుతో పాటు ప్రయాణించే ఇంకొకరి శత్రువును పట్టించుకోదు. కాబట్టి ఎంత చురుగ్గా కదులుతున్నా సరే, పీసీఆర్ పరీక్ష చేయని పాలీకీట్‌ను తల్లి రొయ్యల తొట్టిలో వేయకూడదు. సముద్రం ఒడ్డున తవ్వి తెచ్చినవాటి కంటే నియంత్రిత తొట్లలో పెంచిన రోగరహిత పురుగులనే వాడాలన్నది నిపుణుల సలహా.